నల్లరాయి వెండి నగ: తూకమెంత, పనెంత?

వెండి ఉంగరం. దాని మీద ఆకో, పువ్వో, నెమలో. ఆ బొమ్మ నిండా బూడిద నలుపు రంగులో చిన్న చిన్న రాళ్లు, దీపం కింద కదిలిస్తే ఉక్కురంగు మెరుపు. లోపలివైపు 925 అనే అంకె. బ్యాంకాక్ పోయొచ్చిన చుట్టాల కానుకగానో, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మనిషి సామానులోనో, ఫోన్లో చూసి తెప్పించుకున్న పార్శిల్‌లోనో ఇలాంటి నగ ఇప్పుడు మన ఇళ్లకు చేరుతోంది. దుకాణాల్లో దీన్ని మార్కసైట్ వెండి అంటారు. యూరప్‌లో వందేళ్ల కిందటి నగల పోకడలో కొత్తగా చేసిన సరుకు ఇది.

నిజామాబాద్ జిల్లా బాల్కొండ లాంటి ఊళ్లో ఈ నగ చేతికి రాగానే నాలుగు ప్రశ్నలు పుడతాయి. ఇది నిజంగా వెండేనా? ఆ నల్లరాయి ఏమిటి? నల్లబడితే ఏం చేయాలి? రేపు అవసరపడి అమ్మితే ఎంతొస్తుంది? నాలుగూ సరైన ప్రశ్నలే. చివరి ప్రశ్నకు జవాబు తెలియక మోసపోయామని బాధపడేవాళ్లు ఎక్కువ. అందుకే ముందుగా మన ఇంటి వెండి లెక్కతోనే మొదలుపెడదాం.

మన వెండి, మన లెక్క

బాల్కొండ, ఆర్మూరు వైపు పసుపు పండిస్తారు. బోధన్ వైపు చెరకు. శక్కర్‌నగర్‌లో 1930లలో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినంతకాలం చెరకు బిల్లు చేతికందాకే ఆ పల్లెల్లో పెళ్లి ఖర్చులకు ధైర్యం వచ్చేది. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు, గల్ఫ్ నుంచి వచ్చిన పైసలు వీటికి తోడు. ఈ డబ్బులో కొంత ఎప్పుడూ వెండిగా మారేది. పట్టగొలుసులు, కాళ్ల కడియాలు, దండకడియాలు, మట్టెలు, పిల్లల మొలతాళ్లు. ఒంటి మీద ఉన్నన్నాళ్లు అలంకారం, కరువొస్తే పెట్టుబడి. అందుకే వెండిని మనవాళ్లు తులాల్లో మాట్లాడతారు. "ఎన్ని తులాల కడియాలు?" అన్నదే మొదటి మాట. పని ఎవరు చేశారు, ఎన్ని రోజులు చేశారు అనేది ఆ తర్వాతి సంగతి.

ఆ పాత వెండి ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు రూపాయి బిళ్లలను కరిగించిందే. కొనేవాళ్లు బిళ్లలు తెచ్చి అవుసలి ముందు పెట్టేవారు. ఆయన వాటిని మూసలో వేసి, కరిగించి, కడ్డీ పోసి, కడియం వంచేవాడు. కాబట్టి కడియంలో వెండి ఎంత అన్నది ఏ బిళ్లను కరిగించారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ముచ్చట ఒకటి ఉంది. అప్పట్లో నిజామాబాద్ హైదరాబాద్ సంస్థానంలో భాగం. ఇక్కడ చెల్లింది చార్మినార్ బొమ్మ ఉన్న హాలి సిక్కా. సంస్థానం బయట చెల్లింది ఇంగ్లీషు రూపాయి, మనవాళ్ల మాటలో కల్దారు. కల్దారు బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి నూటికి దాదాపు 91.7 పాళ్లు. హాలి రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. లెక్క కట్టండి. కల్దారులో సుమారు 10.7 గ్రాముల అసలు వెండి, హాలిలో సుమారు 9.15 గ్రాములు. ఆరు కల్దార్లలోని వెండి, ఏడు హాలి రూపాయల్లోని వెండి దాదాపు సమానం. ఆ రోజుల్లో మారకం రేటు కూడా అదే, ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. జనం వెండికే వెల కట్టారు, బొమ్మకు కాదు.

1940లో ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. ఆ తర్వాతి బిళ్లలతో చేసిన నగలో వెండి అంతే తక్కువ. నాయనమ్మ కడియాలు దుకాణానికి తీసుకెళితే "టంచ్ తక్కువ", అంటే వెండి పాళ్లు తక్కువ, అని తరుగు తీసేది ఇందుకే. ప్రతిసారీ అవుసలి కల్తీ చేశాడని అనుకోనక్కర్లేదు. కరిగించిన బిళ్లలోనే అంత వెండి ఉండి ఉండొచ్చు.

925 అంటే

స్వచ్ఛమైన వెండి మెత్తన. దానితో ఉంగరం చేస్తే వంగుతుంది, గీతలు పడతాయి, రాయిని పట్టి ఉంచదు. అందుకే గట్టిపడడానికి రాగి కలుపుతారు. వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగిలిన 75 పాళ్లు ఎక్కువగా రాగి అయితే దాన్ని స్టెర్లింగ్ వెండి అంటారు. ఈ పాళ్లు ఇంగ్లాండు నుంచి వచ్చాయి. 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు కాలపు చట్టం వెండి సామానుకు ఈ ప్రమాణాన్ని నిర్ణయించింది. 1544 నుంచి అక్కడి వెండి మీద నడుస్తున్న సింహం ముద్ర వేస్తున్నారు.

అంటే 925 వెండి మన కల్దారు రూపాయికి దగ్గరి చుట్టమే. దుకాణంలో చవగ్గా దొరికే పట్టీల కంటే సాధారణంగా మేలైనదే. అయితే ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నగ మీద 925 అని అంకె ఉన్నంతమాత్రాన అది హాల్‌మార్క్ కాదు. ఆ అంకెను తయారుచేసినవాడు తానే కొట్టుకోవచ్చు. అది అతని మాట మాత్రమే. మూడో మనిషి పరీక్షించి చెప్పిన మాట వేరు.

మన దేశంలో ఆ మూడో మనిషి భారతీయ ప్రమాణాల సంస్థ, బీఐఎస్. బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి అయింది కానీ వెండికి ఇంకా ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి నగలకు కూడా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య వేసే పద్ధతి వచ్చింది. నగ మీద బీఐఎస్ గుర్తు, సిల్వర్ అనే మాట, స్వచ్ఛత అంకె, ఆ హెచ్‌యూఐడీ ఉంటాయి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే నగ వివరాలు కనబడతాయి. కొనే ముందే, దుకాణంలో నిలబడే ఈ పని చేయాలి.

ఆ నల్లరాయి సంగతి

మార్కసైట్ నగలో ఉండే రాయి అసలు మార్కసైట్ కాదు, పైరైట్. రెండూ ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలే. రెండింటిలోనూ ఒక ఇనుము పరమాణువుకు రెండు గంధకం పరమాణువులు. తేడా ఆ పరమాణువుల అమరికలో ఉంది. అవే ఇటుకలతో ఒకరు గట్టి గోడ కడితే, మరొకరు వదులు గోడ కట్టినట్టు. పైరైట్ గట్టిది, సాన పడితే నిలుస్తుంది. అసలు మార్కసైట్ గాలి తేమకే పొడిపొడి అయిపోతుంది. అది నగకు పనికిరాదు. పూర్వం ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచేవారు. 1845లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హైడింగర్ రెండూ వేరని తేల్చాడు. అప్పటికే నగల బజారులో పాత పేరు పాతుకుపోయింది, అది అలాగే ఉండిపోయింది. కాబట్టి బిల్లులో మార్కసైట్ అని రాసి లోపల పైరైట్ ఉంటే అది మోసం కాదు.

పైరైట్ అరుదైన రాయి కాదు. బంగారంలా పసుపుపచ్చగా మెరిసి గనుల్లో మనుషులను మభ్యపెట్టిన రాయి ఇదే. మన దేశంలో బీహార్‌లోని అమ్జోర్ దగ్గర గంధకామ్లం తయారీ కోసం దీన్ని తవ్వారు. అంటే టన్నుల లెక్కన ఫ్యాక్టరీలకు వెళ్లే ఖనిజం. నగలో ఈ రాయికి ముడిసరుకుగా పెద్ద ధర లేదు. ధరంతా దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల సైజుకు కోసి, పలకలు తీర్చి, ఒక్కొక్కటిగా పొదిగిన చేతికి చెల్లేది. ఈ నగ గురించి తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే, మిగతాదంతా దీని నుంచే వస్తుంది.

ఈ పోకడ ఎక్కడిది

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్, ఇంగ్లాండుల్లో వజ్రం కొనలేనివాళ్లకు, కొన్నా రోజూ పెట్టుకోలేనివాళ్లకు ఈ రాయి పనికొచ్చింది. కొవ్వొత్తి వెలుగులో దీని మెరుపు బాగుంటుంది. బూట్ల బకిల్స్, గుండీలు, బ్రోచ్‌లు దీనితో చేశారు. 1861 డిసెంబరులో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ చనిపోయాడు. రాణి బతికినంతకాలం దుఃఖ దుస్తుల్లోనే ఉంది. ఆమెను చూసి నల్లని నగలు పెద్దింటి ఆడవాళ్లకు మర్యాదగా మారాయి. నల్లపూతతో ఉన్న వెండి, నల్లరాయి అప్పటికి సరిగ్గా సరిపోయాయి.

మరోసారి ఈ నగ వెలిగింది 1920, 1930లలో. ఆర్ట్ డెకో అనే ఆ కాలపు పోకడకు సూటి గీతలు, త్రికోణాలు, మెట్లు మెట్లుగా ఉండే ఆకారాలు ఇష్టం. జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ పట్టణం నగల తయారీకి పేరున్నది. అక్కడి థియోడర్ ఫార్నర్ సంస్థ స్టెర్లింగ్ వెండిలో మార్కసైట్ పొదిగి, పక్కన ఆకుపచ్చ, నల్ల రాళ్లు పెట్టి చేసిన నగలను ఇవాళ సేకరించేవాళ్లు వెతికి కొంటారు.

ఇప్పుడు బజారులో దొరికేవాటిలో చాలా భాగం థాయిలాండ్‌లో తయారవుతుంది. పాత అచ్చులు చూసి కొత్తగా పోసినవి. వాటిని "పాతకాలపు పోకడ" అని అమ్మితే సరైనదే. "పాతకాలం నగ" అని అమ్మితే మాత్రం రుజువు అడగాలి. వందేళ్లు దాటినదాన్నే పురాతన నగ అనడం వాడుక. కొత్తదాన్ని పాతదానిలా చూపించడం కష్టమేమీ కాదు. పొటాషియం సల్ఫైడ్ ద్రావణంలో ముంచి తీస్తే వెండి నిమిషాల్లో నల్లబడుతుంది. ఎత్తైన చోట్ల రుద్ది మెరుగు తెస్తే, గుంటల్లో నలుపు మిగిలి నగ తాతలనాటిదిగా కనబడుతుంది. దుకాణాల్లో ఆక్సిడైజ్డ్ వెండి అనేది ఇదే. తప్పు పని కాదు, అందమైన పనే. కాకపోతే ఆ నలుపును చూసి వయసు లెక్కగట్టకూడదు.

భూతద్దం కింద

మంచి పనికీ చవక పనికీ తేడా కంటికి తెలియదు, భూతద్దానికి తెలుస్తుంది. అవుసలి దగ్గర ఉండే పదింతల అద్దం చాలు.

మంచి ఉంగరాన్ని దాని కింద పెడితే ప్రతి రాయి తలా చిన్న గోపురంలా, ఆరు పలకలుగా కోసి ఉంటుంది. అడుగు చదును. రాయి అంచు మీదికి వెండిలోంచే లేపిన సన్నని గింజలు రెండో మూడో నాలుగో వంగి ఉంటాయి. రాయిని పట్టుకునేది ఆ గింజలే. చేతిపనివాడు ఉలి మొనతో వెండిని కొంచెం పైకి లేపి, రాయి మీదికి తోసి, గుండ్రం చేసి వదులుతాడు. ఒక ఉంగరంలో నలభై రాళ్లుంటే నూటికి పైగా గింజలు. రాళ్ల పలకలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, మధ్య సందులు సమానంగా ఉంటాయి.

చవక ఉంగరంలో గింజలు ఉండవు, లేదా అచ్చుతో పాటే పోసిన బొమ్మ గింజలు ఉంటాయి. అవి రాయిని తాకవు. రాయిని పట్టుకున్నది జిగురు. సందుల్లో పసుపుపచ్చగానో, పాలరంగులోనో ఆ జిగురు కనబడుతుంది. రాళ్లు ఒకటి వంకర, ఒకటి మునిగి ఉంటాయి. ఈ ఉంగరం ఆర్నెల్లు రోజూ వాడితే రాళ్లు రాలడం మొదలవుతుంది.

ఇంకో పరీక్ష చిన్న అయస్కాంతం. వెండి అంటుకోదు, పైరైట్ అంటుకోదు. నగ అయస్కాంతాన్ని పట్టుకుంటే లోపల ఇనుమో ఉక్కో ఉన్నట్టు. అంటుకోకపోతే వెండేనని మాత్రం అనుకోవద్దు. రాగి, ఇత్తడి కూడా అంటుకోవు.

ఈ విషయంలో మన బజారులో పెద్ద గందరగోళం జర్మన్ సిల్వర్ వల్ల. పూజ సామాను, గిఫ్టు పళ్లేలు, నల్లపూతతో ఉన్న జుంకాలు ఈ పేరుతో అమ్ముతారు. జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క పాలు కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. దానికి దాని ధర ఉంది, దాని వాడకం ఉంది. వెండి ధరకు కొనడమే నష్టం. నికెల్ పడని ఒళ్లున్నవాళ్లకు చెవుల దగ్గర దురద, పుండు కూడా వస్తాయి.

అనుమానం తీరాలంటే అవుసలి గీటురాయి మీద నగను మరుగున ఉన్న చోట గీయిస్తారు. గీత మీద నత్రికామ్లం చుక్క వేస్తే లోహం కరుగుతుంది. దానిపై ఉప్పునీటి చుక్క పడగానే వెండి ఉంటే తెల్లని పాలవిరుగుడు తేలుతుంది. వెండి లేని జర్మన్ సిల్వర్ గీత ఆకుపచ్చగా మారి ఊరుకుంటుంది. ఆమ్లంతో పని కాబట్టి ఇది ఇంట్లో చేసేది కాదు. పూత వెండి కూడా పైపై గీతకు మోసం చేయగలదు, అందుకే కొంచెం లోతుగా గీయమని అడగాలి.

ధర లెక్క ఇట్లా వేసుకోవాలి

ఇప్పుడు దుకాణంలో తులమంటే 10 గ్రాములు. పది తులాల పట్టీలు కొన్నారనుకోండి, 75 టంచ్. అంటే 100 గ్రాముల బరువులో 75 గ్రాముల అసలు వెండి. మజూరి, తరుగు, పన్ను కలుపుతారు. అమ్మేటప్పుడు ఆ 75 గ్రాములకు వెల వస్తుంది, మజూరి పోతుంది.

ఇప్పుడు మార్కసైట్ కంకణం. మొత్తం బరువు 40 గ్రాములు. అందులో రాళ్లు 8 గ్రాములు అనుకుందాం. మిగిలిన 32 గ్రాములు 925 వెండి. 32ను 0.925తో గుణిస్తే 29.6 గ్రాముల అసలు వెండి. దుకాణంవారు 40 గ్రాములకూ వెండి ధర కడితే మీరు ఖనిజపు రాళ్లను వెండి ధరకు కొంటున్నారు. అందుకే తూకం వేసేటప్పుడే నెమ్మదిగా అడగాలి:

"సేటూ, రాయి బరువెంత, వెండి బరువెంత? ఏది ఎంతకో వేర్వేరుగ రాసియ్యి."

ఈ మాట అడగడంలో నామోషీ లేదు. రాసివ్వనన్నవాడి దగ్గర కొననక్కర్లేదు.

చాలా చోట్ల మార్కసైట్ నగను బరువుతో కాకుండా ఒక్కో నగకు ఇంత అని అమ్ముతారు. లోపలి వెండి వెల కంటే ధర రెండింతలో మూడింతలో ఉంటుంది. ఇది దోపిడీ అని వెంటనే అనేయకూడదు. భూతద్దం కింద చూసిన ఆ గింజలన్నీ ఎవరో మనిషి లేపినవి, ఆ చేతికి కూలి పడాలి. అయితే ఈ నగను మళ్లీ అమ్మబోతే దుకాణం ఆ కూలిని లెక్కలోకి తీసుకోదు. రాళ్లు పీకి, వెండి తూచి, కరిగే సరుకు కింద వెల కడుతుంది.

కాబట్టి కొనేవాళ్లు ముందే మనసులో ఒక మాట తేల్చుకోవాలి. బిడ్డ పెళ్లికి ఆసరాగా, కష్టకాలానికి అక్కరకొచ్చేలా దాచుకునే వెండి కావాలా? అయితే మార్కసైట్ వద్దు. రాళ్లు లేని, హాల్‌మార్క్ ఉన్న, తక్కువ మజూరి పడే కడియమో గొలుసో కొనండి. పెట్టుకోవడానికి అందమైన నగ కావాలా? అయితే మార్కసైట్ కొనండి, పనితనం చూసి కొనండి. దాచుకునే వెండి అనుకుని మార్కసైట్ కొంటేనే కొన్న రోజు సంతోషం అమ్మిన రోజు కోపంగా మారుతుంది.

నల్లబడితే

వెండి నల్లబడిందంటే కల్తీ అని మనలో గట్టి నమ్మకం. నిజం వేరు. గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. స్వచ్ఛమైన వెండి కూడా నల్లబడుతుంది. రాగి ఉన్న 925 కొంచెం తొందరగా నల్లబడుతుంది. కోడిగుడ్డు, ఉల్లిగడ్డ, రబ్బరు బ్యాండ్లు, కొన్ని తల రంగులు, చేనుకు కొట్టే గంధకం పొడి, ఇవన్నీ వెండికి పడవు. గంధకం మందు పిచికారీ చేసిన చేతులతో వెండి ముట్టుకుంటే పొద్దుటికల్లా రంగు తేలుతుంది.

రాయి లేని పట్టీలకు చింతపండు, నిమ్మకాయ, సోడా ఉప్పు, పండ్లపొడి ఏదో ఒకటి మన ఇళ్లలో పడుతూనే ఉంటాయి. మార్కసైట్ నగకు వీటిలో ఒక్కటీ వద్దు. ఎందుకో చూద్దాం.

నీళ్లు రాళ్ల అడుగుకు చేరితే తొందరగా ఆరవు. తేమ, గాలి కలిసి పైరైట్‌ను నెమ్మదిగా తింటాయి. అప్పుడు పుట్టేవి గంధకామ్లం, ఇనుప లవణం. రాయి చుట్టూ తెల్లటి, పసుపుపచ్చటి పొడి కనబడితే జరిగింది ఇదే. జిగురు కూడా నీళ్లకు వదులవుతుంది. పండ్లపొడి, పేస్టు గరుకు. రాతి పలకల మెరుగును చెరుపుతాయి, కావాలని పెట్టిన నలుపును కూడా ఊడ్చేస్తాయి. బజారులో దొరికే వెండి కడిగే ద్రావణంలో ముంచినా అంతే, నగ పాలిపోయి పోకడే పోతుంది. అల్ట్రాసోనిక్ యంత్రంలో వేస్తే జిగురు రాళ్లు రాలిపోతాయి.

చేయాల్సింది తక్కువే. స్నానానికి, గిన్నెలు తోమడానికి, వంటకు ముందు తీసేయాలి. సెంటు, నూనె, క్రీము రాసుకున్నాక చివరగా పెట్టుకోవాలి. తీసిన వెంటనే మెత్తని పొడి నూలుబట్టతో తుడవాలి. పసుపు, కుంకుమ పొడి సందుల్లో చేరితే పొడి, మెత్తని బ్రష్‌తో దులపాలి. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో మన ఇళ్లలో ఏ మూలైనా ఆ పొడే ఉంటుంది, కాబట్టి ఆ నెలల్లో నగను డబ్బాలోనే ఉంచడం మేలు. దుకాణంవారు చుట్టి ఇచ్చే గులాబి కాగితంలోనో నూలుబట్టలోనో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి వేయాలి. రబ్బరు బ్యాండు చుట్టొద్దు.

ఉంగరం సైజు ముందే చూసుకుని కొనాలి. తర్వాత పెంచాలంటే కోసి, మాటు వేసి, మంట చూపించాలి. వేడికి పైరైట్ చెడిపోతుంది, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. తెలిసిన అవుసలి "రాళ్లు పోతాయి" అని ముందే చెబుతాడు. ఆ మాటకు విలువివ్వాలి.

పొరుగు జిల్లా తీగపని

పనితనానికే వెల అనే నగ మనకు పరాయిది కాదు. పాత కరీంనగర్ జిల్లా మన పొరుగే. అక్కడి వెండి తీగపని ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్ చేరింది. నిజాం కాలపు కొలువుల్లో అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు చేసి ఇచ్చిన చేతులివి. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సు కోసం అశోకచక్రం బ్యాడ్జీలు ఇక్కడి నుంచే వెళ్లాయి.

ఆ పని ఎలా జరుగుతుందో చూస్తే వెల ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. కరిగించిన వెండిని కడ్డీ పోసి, సాగగొట్టి, కమ్మెచ్చు రంధ్రాల గుండా లాగుతారు. ఒక రంధ్రం తర్వాత ఇంకా చిన్న రంధ్రం, అలా లాగుతూ పోతే తీగ వెంట్రుక మందానికి దగ్గరవుతుంది. వెండిలో కల్తీ ఎక్కువుంటే తీగ మధ్యలోనే తెగుతుంది. అందుకే తీగపనికి మేలైన వెండి తప్పదు. రెండు తీగలను పురి పెట్టి, ఒత్తి చదును చేస్తారు. లావు తీగతో ఆకు బొమ్మకో నెమలి బొమ్మకో అంచు కట్టి, ఆ అంచు లోపల పురి తీగను పట్టకారుతో మడతలు మడతలుగా, చుట్లు చుట్లుగా నింపుతారు. ఎక్కడా జిగురు లేదు. తీగ తన బిగువుతోనే తాను నిలబడాలి. నిండాక వెలిగారం, మాటుపొడి చల్లి మంట ఊదుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే వెంట్రుకంత తీగలు కరిగి ముద్దవుతాయి. రోజుల పని ఒక్క క్షణంలో పోతుంది. ఆ క్షణాన్ని కనిపెట్టి మంట తీయడమే ఆ చేతికి తెలిసిన విద్య.

ఇంత చేసి తూకం వేస్తే తీగపని చెవికమ్మలు ఎక్కువ తూగవు, మధ్యంతా గాలే. తులాల లెక్కతో చూసినవాడికి ఖరీదెక్కువ అనిపిస్తుంది. అదే మనిషి బ్యాంకాక్ నుంచి వచ్చిన మార్కసైట్ ఉంగరానికి వెండి వెలకు మూడింతలు ఇవ్వడానికి వెనకాడడు, అది పరదేశపు పోకడ కాబట్టి. బాధపెట్టే సంగతి ఇది. అక్కడి చేతికి ఇచ్చిన కూలిని మన చేతికి ఇవ్వడానికి మనసొప్పకపోతే, ఆ విద్య నేర్చుకునే పిల్లలు ఉండరు. గల్ఫ్ విమానం ఎక్కడం వాళ్లకు తేలిక.

మార్కసైట్ వద్దనడం నా ఉద్దేశం కాదు. మంచి చేతిపని ఏ దేశానిదైనా గౌరవించదగినదే. ఆ నగ మనకు నేర్పే పాఠాన్ని మన ఇంటి దాకా తెచ్చుకుంటే మేలు. వెండి నగలో ఎప్పుడూ రెండు వెలలుంటాయి, ఒకటి లోహానిది, ఒకటి చేతిది. లోహం వెలను తూచి, టంచ్ చూసి, హెచ్‌యూఐడీ సరిచూసి, పైసా తేడా రాకుండా అడగాలి. చేతి వెలను భూతద్దం పెట్టి చూసి, నిజమైన పని కనబడితే బేరం ఆపి ఇవ్వాలి. మొదటిదాంట్లో మనవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, హాలికీ కల్దారుకూ తేడా కట్టినవాళ్ల సంతానం మనం. రెండోదాంట్లోనే ఇంకా నేర్చుకోవాలి. ఈ పెళ్లిళ్ల కాలంలో ఒక్క జత తీగపని చెవికమ్మలు, వాటి అసలు ధరకు కొని పెట్టుకుంటే ఆ నేర్చుకోవడం మొదలైనట్టే.